యంత్రమునకు దిక్కు నేర్పిన డ్రేపరు

లోకమునందు కొందరి పేరు వారు రచించిన గ్రంథములవలన నిలుచును. కొందరి పేరు వారు కట్టించిన కట్టడములవలన నిలుచును. చార్లెసు స్టార్కు డ్రేపరు పేరు మాత్రము ఎవరికిని కనబడని చోట నిలిచినది. ఓడ గర్భమునందును, విమానపు పొట్టయందును, సముద్రగర్భమునుండి ఎగయు క్షిపణి శిరస్సునందును, చంద్రమండలముపై దిగిన వాహనమునందును గట్టిగా మూసియుంచిన లోహపు పెట్టెలలో ఆయన జీవితకాలపు పరిశ్రమ ఇమిడియున్నది. వేడికి కరగక, చలికి బిగియక, కుదుపునకు చెదరక, తోడు మనుష్యుడు లేకయే లెక్క తప్పక చేయు యంత్రమును నిర్మించుట ఎట్లు అను ప్రశ్నకు ఆయన తన ఆయుస్సంతయు వెచ్చించెను. ఆ యంత్రము ప్రాణరక్షణకు పనికివచ్చెను, ప్రాణహరణమునకును పనికివచ్చెను. ఆ రెంటి భారమును ఆయనయే మోయవలసివచ్చెను.

డ్రేపరు 1901వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన అమెరికా సంయుక్తరాష్ట్రములలో మిస్సోరి రాష్ట్రమందలి విండ్సరు అను చిన్న పట్టణమున జన్మించెను. తండ్రి దంతవైద్యుడు. తల్లి పూర్వము బడిలో పాఠములు చెప్పినది. పదునారవ యేటనే బాలుడు మిస్సోరి విశ్వవిద్యాలయమున ప్రవేశించెను. రెండేండ్ల తరువాత కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు పోయి 1922లో పట్టము పొందెను. ఆ పట్టము యంత్రశాస్త్రమున గాదు, మనస్తత్త్వశాస్త్రమున. మనుష్యుని మనస్సు ఏల పొరబడును, ఇంద్రియములు ఎట్లు మోసపుచ్చును అను విషయమును ముందుగా చదివిన వాడు పిమ్మట పొరపాటెరుగని యంత్రములను నిర్మింప పూనుకొనుట వింతగా తోచును గాని, ఆలోచించి చూచినచో ఆ మొదటి చదువు వృథా కాలేదు.

ఆ సంవత్సరమే ఒక మిత్రునితో కలసి ఆయన తూర్పుతీరమందలి బోస్టను నగర ప్రాంతమునకు ప్రయాణమయ్యెను. అచ్చట చార్లెసు నది యొడ్డున నున్న మసాచూసెట్సు సాంకేతిక విద్యాసంస్థ భవనములను చూచి ముచ్చటపడి అందే చేరెనని చెప్పుదురు. చేరిన తరువాత ఆయన ఆ స్థలమును విడువలేదు. 1926లో విద్యుద్రసాయన ఇంజనీరింగునందు పట్టము, 1928లో ఉన్నతపట్టము గడించెను. డాక్టరు పట్టము మాత్రము 1938 వరకును రాలేదు. దానికి కారణము సోమరితనము గాదు. కనబడిన ప్రతి శాస్త్రమును చదువవలెనను ఆశచేత ఆయన ఒక తరగతినుండి మరియొక తరగతికి పోవుచుండెను. ఆ సంస్థలో అన్ని పాఠములు విన్నవాడు మరియొకడు లేడని ఒక వాడుక పుట్టెను. ఆ 1938వ సంవత్సరముననే ఆయన ఐవీ విల్లర్డును వివాహమాడెను. వారికి నలుగురు బిడ్డలు కలిగిరి.

ఆ దినములలో విమానములు క్రొత్తవి. వానిని నడుపుట నేర్వవలెనని డ్రేపరు సైనిక విమానదళమున ప్రయత్నించి, అది ఫలింపకపోగా తన సొమ్ము ఖర్చుపెట్టుకొని నేర్చుకొనెను. మబ్బులలో చిక్కుకొన్న వైమానికునకు నేల యేదో, నింగి యేదో తెలియదు. విమానము ఒక ప్రక్కకు ఒరిగి తిరుగుచున్నను దేహమునకు తిన్నగా పోవుచున్నట్లే తోచును. చెవిలోని తూకపు నాళములు చెప్పిన మాట నమ్మి ఎందరో నేలగూలిరి. ఎదుట నున్న ముండ్ల పలకలను నమ్మవలెనన్నను అవియు ఆనాడు నమ్మదగినవి కావు. డ్రేపరు ఒకనాడు తన సహోద్యోగి యగు జూలియసు స్ట్రాటనును చిన్న విమానమున నెక్కించుకొని, దానిని ఆకాశమున పట్టుదప్పించి గిరగిర తిరుగునట్లు చేసి, ఆ వేళ పలకలమీది ముండ్లు ఎట్లు తికమకపడునో చూపెనని కథ కలదు. ఆ స్ట్రాటను కాలక్రమమున ఆ విద్యాసంస్థకే అధ్యక్షుడయ్యెను. ఆనాటి ప్రయాణమును ఆయన మరచియుండడు.

దేహము అబద్ధమాడునప్పుడు నిజము చెప్పు పరికరము కావలెను. ఆ పరికరము ప్రయోగశాల బల్లపై మాత్రమే గాక, గిరగిర తిరుగుచున్న విమానములోను నిజము చెప్పవలెను. డ్రేపరు చేసిన పనులన్నింటికిని ఇదియే మూలసూత్రము. 1935లో ఆయన సహాయాచార్యుడయ్యెను, 1939లో ఆచార్యుడయ్యెను. ఆ కాలముననే ఆయన నెలకొల్పిన చిన్న పరిశోధనాలయము పరికర పరిశోధనాలయమను పేర ప్రసిద్ధి కెక్కెను.

ఇంతలో రెండవ ప్రపంచయుద్ధము వచ్చిపడెను. ఓడలపై విమానములు గద్దలవలె విరుచుకొనిపడుచుండెను. వానిని ఫిరంగులతో కొట్టుట మిక్కిలి కష్టమయ్యెను. జొన్నచేనిలో మంచెపై నిలిచి ఒడిసెల త్రిప్పు కాపరికి ఈ కష్టము తెలియును. ఎగురుచున్న పిట్టకు గురిపెట్టి రాయి విసరినచో రాయి అచ్చటికి చేరునప్పటికి పిట్ట అచ్చట నుండదు. పిట్ట పోవు వేగము నెరిగి, దానికి కొంత ముందు భాగమున గురిపెట్టవలెను. ఎంత ముందు అనునదే చిక్కు. పూర్వపు లెక్కయంత్రములు ఈ ముందు భాగమును సూక్ష్మముగా లెక్కగట్టగలవు గాని అవి పెద్దవి, మెల్లనివి. లెక్క ముగియునప్పటికి విమానము బాంబు విడిచి పోవును.

డ్రేపరు ఈ చిక్కును బొంగరముతో విడదీసెను. గిరగిర తిరుగు బొంగరము తన నిలుకడను విడువ నిష్టపడదు. దానిని ప్రక్కకు త్రిప్పబోయినచో ఎదురుతిరుగును. ఎంత వేగముగా త్రిప్పిన అంత బలముగా ఎదురుతిరుగును. ఫిరంగివాడు విమానమును వెంబడించి గురిని త్రిప్పునప్పుడు పెట్టెలో నున్న రెండు చిన్న జైరోస్కోపులు ఆ త్రిప్పు వేగమును తమ యెదురుబాటుచేత కొలిచిచూపును. ఆ కొలతనుబట్టి గురి చుక్క తనంతట తానే ప్రక్కకు జరుగును. ఫిరంగివాడు ఆ చుక్కను విమానముపై నిలిపిన చాలును. ఫిరంగి గొట్టము దానికి తగినంత ముందు భాగమునకు తిరిగియుండును. మార్కు 14 అను పేర అమెరికా నౌకాదళము స్వీకరించిన గురియంత్రమిది. స్పెర్రీ సంస్థ దీనిని పదులవేల సంఖ్యలో తయారుచేసెను. 1942 అక్టోబరు 26వ తేదీన పసిఫికు సముద్రమున శాంతాక్రూజు దీవులకడ జరిగిన సంగ్రామమున సౌతు డకోటా యను యుద్ధనౌక విమానముల తాకిడి నెదుర్కొని నిలిచినప్పుడు ఈ గురియంత్రముల విలువ నౌకాదళమునకు తెలిసివచ్చెను.

ఈ యంత్రముయొక్క గొప్పతనము సూక్ష్మతలో లేదు. అది చెప్పు సమాధానము ఉజ్జాయింపు సమాధానమే. గాని ఆ సమాధానము తక్షణము దొరకును. ఉప్పునీటి తుంపరలలో దొరకును. ప్రక్కన ఫిరంగి గర్జించుచు ఓడయంతయు అదరుచున్నప్పుడు దొరకును. నిన్నటివరకు పొలము దున్నుకొన్న పడుచువాడు కొద్దిదినములలో నేర్చుకొని వాడుకొనునట్లు దొరకును. ఆలస్యముగా వచ్చిన పరిపూర్ణసత్యముకంటె సమయమునకు అందిన చాలినంత సత్యమే యుద్ధరంగమున మేలని డ్రేపరు గ్రహించెను. దృఢత్వము యంత్రమునకు చివర తొడుగు తొడుగు కాదనియు, మొదటి గీత గీయునాడే అందు చేరవలసిన గుణమనియు ఆయన శిష్యులకు బోధించుచుండెను. అట్లు బోధ వినిన వారిలో నౌకాదళపు అధికారులును విమానదళపు అధికారులును అనేకులు గలరు.

యుద్ధము ముగిసిన పిమ్మట ఆయన చూపు మరింత కఠినమైన ప్రశ్నపై నిలిచెను. బయటికి చూడకయే తానెక్కడ నున్నదో ఒక వాహనము తెలిసికొనగలదా? నావికుడు నక్షత్రమును చూచును. వైమానికుడు భూమినుండి వచ్చు రేడియో సంకేతమును వినును. మబ్బు కమ్మిన రాత్రి నక్షత్రము లేదు. శత్రువు సంకేతమును చెరుపగలడు. కావున ఏ సహాయమును కోరక, ఎవరికిని తన జాడ తెలుపక దారి తెలిసికొను యంత్రము కావలెను.

కప్పుకట్టిన ఎద్దుబండిలో కన్నులు మూసికొని ప్రయాణము చేయువానిని తలచుకొందము. బండి కదలినప్పుడు వీపు వెనుకకు ఒత్తుకొనును. ఆగినప్పుడు మేను ముందునకు తూలును. మలుపు తిరిగినప్పుడు ప్రక్కకు ఒరుగును. ఈ తూలుటలను ఒక్కటి విడువక కొలిచి, కాలముతో హెచ్చవేసి కూడుకొనుచు పోయినచో బండి వేగము తెలియును. ఆ వేగమును మరల కాలముతో కూడుకొనుచు పోయినచో బండి ఎంత దూరము ఏ దిక్కునకు వచ్చినదో తెలియును. తూలుటను కొలుచునది త్వరణమాపకము. దిక్కు చెదరకుండ పట్టియుంచునది జైరోస్కోపు. కూడిక చేయునది గణకయంత్రము. జడత్వముపై ఆధారపడిన మార్గనిర్దేశమనగా ఇంతే.

చెప్పుటకు సులభమే గాని చేయుటకు మిక్కిలి దుర్లభము. కొలతలో వెంట్రుకవాసి తప్పు దొర్లినను అది కూడికలో పెరిగి పెరిగి కొన్ని గంటలలో క్రోసుల దూరమగును. అంతకంటె పెద్ద ఆక్షేపణ మరియొకటి గలదు. భూమ్యాకర్షణమును, వాహనపు త్వరణమును పెట్టెలో నున్న పరికరము వేరుచేసి గుర్తింపజాలదు. నిట్టనిలువు దిక్కేదో సరిగా తెలియనిచో ఆకర్షణమునే కదలికగా భ్రమించి లెక్క చెడును. సుప్రసిద్ధ భౌతికశాస్త్రవేత్త జార్జి గామౌ 1940 దశకపు చివర ఈ యాక్షేపణను బలముగా తెలిపి, ఈ పని అసాధ్యమని పరిహసించెను. శాస్త్రపు మూలసూత్రమునుబట్టి చూచినచో ఆ యాక్షేపణ త్రోసివేయదగినది కాదు.

డ్రేపరు దానిని త్రోసివేయలేదు, దాటెను. 1923లోనే జర్మనీ దేశస్థుడగు మాక్సిమిలియను షూలరు ఒక ఉపాయము సూచించియుండెను. భూమి వ్యాసార్ధమంత పొడవుగల లోలకమును ఊహించినచో దాని ఊపు సుమారు 84 నిమిషముల కాలము పట్టును. అట్టి లోలకము వాహనము ఎట్లు కదలినను భూకేంద్రమువైపునకే చూపుచుండును. అంత పొడవైన లోలకమును ఎవడును కట్టజాలడు. అయినను జైరోస్కోపులను, త్వరణమాపకములను, లెక్కను తగినట్లు జతపరచినచో చిన్న పీఠమొకటి ఆ మహాలోలకమువలె ప్రవర్తించునట్లు చేయవచ్చును. ఇక మిగిలినది జైరోస్కోపు నిలుకడ. ఇరుసుకడ రాపిడి యున్నంత కాలము బొంగరము మెల్లమెల్లగా దిక్కు తప్పుచునే యుండును. డ్రేపరు బొంగరమును మూసిన డబ్బాలో నుంచి, ఆ డబ్బాను చిక్కని బరువైన ద్రవములో తేలియాడునట్లు చేసెను. తేలుచున్న వస్తువు భారము ద్రవమే మోయును గనుక ఇరుసుపై బరువు దాదాపు లేకుండ పోయెను, రాపిడియు తగ్గెను. కుదుపు తగిలినను ఆ ద్రవమే పరుపువలె కాపాడుచుండెను. సూక్ష్మతకును, దృఢత్వమునకును ఒకే ఉపాయము చాలెను.

1949లో ఆయన పరిశోధనాలయమువారు సూర్యుని చూచి సరిచూచుకొను ఒక యంత్రమును విమానమున పరీక్షించిరి. దానికి సూర్యదేవుని పాశ్చాత్యనామమును బట్టి ఫీబి యని పేరుపెట్టిరి. పిమ్మట సూర్యుని చూడనక్కరలేని యంత్రము సిద్ధమయ్యెను. దాని పేరు స్పైరు. దాని బరువు సుమారు 2,700 పౌనులు. 1953 ఫిబ్రవరి 8వ తేదీన మసాచూసెట్సులోని బెడ్‌ఫర్డునుండి ఆ యంత్రమును మోసికొని ఒక బి-29 విమానము పడమటి తీరమందలి లాస్‌ ఏంజిలెసు నగరమువైపు బయలుదేరెను. డ్రేపరును అందుండెను. రెండువేల మైళ్లకు మించిన ప్రయాణము. సుమారు పండ్రెండు గంటల కాలము. ఎదుట నున్న దేశమును చూడని పెట్టెయే విమానమునకు దారి చూపెను. గమ్యము చేరునప్పటికి అసాధ్యమన్న మాట అసత్యమయ్యెను.

అయినను అంత బరువును క్షిపణి మోయలేదు. 1946లో ప్రపంచమున కెరుకయైన ఎనియాకు అను గణకయంత్రము పదునెనిమిదివేల శూన్యనాళికలతో ఒక విశాలమైన గదినంతయు ఆక్రమించెను. అట్టి యంత్రము చేయు లెక్కను ఒక చిన్న పెట్టెలో కుదించి, మండుచు అదరుచు ఎగయు క్షిపణి శిరస్సున నుంచవలెను. నౌకాదళమువారు పొలారిసు క్షిపణికి మార్గనిర్దేశము సమకూర్చుపని 1950 దశకమున డ్రేపరు పరిశోధనాలయమునకు అప్పగించిరి. అందలి హాల్కోంబు లానింగు, రిచర్డు బాటిను అను గణితవేత్తలు ఒక చక్కని ఉపాయము కనుగొనిరి. కష్టమైన లెక్కలన్నియు ముందుగానే నేలపై పెద్ద యంత్రములచేత చేయించి, వాని సారమును కొన్ని అంకెలుగా క్షిపణికి అప్పగించుట. ఎగురునప్పుడు క్షిపణిలోని చిన్న యంత్రము చేయవలసిన లెక్క అత్యల్పము. దూరప్రయాణము పోవువాడు వంట ఇంటికడనే ముగించి చలిది మూట కట్టుకొన్నట్లు. పొలారిసు మొదటి మార్గనిర్దేశసాధనము బరువు మొత్తము సుమారు 225 పౌనులకు దిగెను. 1960 జూలై 20వ తేదీన జార్జి వాషింగ్టను అను జలాంతర్గామి ఫ్లారిడా తీరమునకు దూరముగా సముద్రగర్భమునుండి పొలారిసును మొదటిసారి విజయవంతముగ విడిచెను. అట్టి జలాంతర్గామి ఒక్కొక్కదానిలో 16 క్షిపణులుండును; యుద్ధమునకు సిద్ధపరచిన ప్రతి క్షిపణియు ఒక నగరమును బూడిద చేయగలదు.

1961 ఆగస్టు నెలలో అమెరికా అంతరిక్షసంస్థ చంద్రయాత్రా ప్రణాళికయగు అపోలోకు సంబంధించిన మొదటి పెద్ద ఒప్పందమును చేసికొనెను. అది రాకెట్టును గూర్చినది కాదు, మార్గనిర్దేశమును గూర్చినది. ఆ పని డ్రేపరు పరిశోధనాలయమునకు దక్కెను. ఆ సంవత్సరము నవంబరులో డ్రేపరు అంతరిక్షసంస్థలో ఉన్నతాధికారియు, పూర్వము తన శిష్యుడునగు రాబర్టు సీమన్సుకు ఒక లేఖ వ్రాసి, ఆ యంత్రముతోపాటు చంద్రునికడకు పోవుటకు తానే సిద్ధముగా నున్నానని తెలిపెను. అప్పటికి ఆయన అరువది యేండ్లవాడు. ఆ కోరిక నెరవేరలేదు. అయినను తన పనిపై తన ప్రాణమును పణముగా నొడ్డుటకు వెనుదీయని గుణమును ఆ లేఖ చాటుచున్నది. ఆయన అధ్యక్షత వహించిన విమానశాస్త్ర శాఖలో చదివి 1963లో డాక్టరు పట్టము పొందిన ఎడ్విను ఆల్డ్రిను మాత్రము చంద్రునిపై నడచెను.

అపోలో గణకయంత్రము బరువు సుమారు 70 పౌనులు. అది వాడుకొను విద్యుత్తు సుమారు 55 వాట్లు, అనగా ఒక చిన్న దీపమునకు కావలసినంత. ఎల్డను హాలు నాయకత్వమున దానిని రూపొందించినవారు ఆనాటికి ఎక్కువమంది నమ్మని ఒక సాహసము చేసిరి. అప్పుడే పుట్టిన సమగ్రవలయములను, అనగా ఒక్క సిలికాను తునకపై అనేక విద్యుత్పరికరములు కలిసియుండు బిళ్లలను, వాడుటకు నిశ్చయించిరి. తర్కకార్యములన్నింటిని ఒకే రకపు బిళ్లతో నిర్మించిరి. పలురకములు వాడినచో పని సులువగును గాని ఒకే రకమును వేలకొలది కొని, కుదిపి, కాచి, చల్లార్చి పరీక్షించినచో దాని బలహీనతలన్నియు బయటపడును. తుదిరూపపు యంత్రమున అట్టి బిళ్లలు సుమారు 2,800 గలవు. మొదట దారిలో చెడిన భాగమును వ్యోమగాములే మార్చుకొనునట్లు చేయవలెనని తలచిరి. 1963లో ఒక అంతరిక్షనౌకలో తేమ చేరి విద్యుత్పరికరములు చెడిన పిమ్మట ఆ తలంపు మానుకొనిరి. తెరచుటకు వీలున్నచో తేమయు ప్రవేశించును. కావున పెట్టెను పూర్తిగా మూసివేసి, చెడనట్లే చేయుట ఉత్తమమని నిర్ణయించిరి.

ఇక యంత్రము జ్ఞాపకముంచుకొనవలసిన ఆజ్ఞల సంగతి. ఆ ఆజ్ఞలను నేతపనివలె నేసిరి. చిన్న అయస్కాంతపు వలయములగుండ సన్నని తీగ దూరి పోయిన ఒకటి. ప్రక్కనుండి పోయిన సున్న. 36,864 పదముల జ్ఞాపకము ఈ విధముగా తీగలతో అల్లబడెను. మార్చుకొనుటకు వీలగు జ్ఞాపకము 2,048 పదములు మాత్రమే. రేథియాను సంస్థవారి కార్మాగారమున వాల్తాము పట్టణపు స్త్రీలు ఈ యల్లిక పని చేసిరి. ఆ పట్టణము గడియారములకు ప్రసిద్ధి. ఆ ప్రాంతము బట్టల నేతకు ప్రసిద్ధి. మగ్గమునకును సూక్ష్మమైన పనికిని అలవడిన చేతులే చంద్రయాత్రకు దారి నేసినవి. పడుగులో పోగు తప్పిన బట్టకు మచ్చ పడును. ఇందు పోగు తప్పినచో మనుష్యుల ప్రాణములే పోవును. అట్లు నేసిన జ్ఞాపకమునకు విద్యుత్తు ఆగిపోయినను చెరుపు లేదు.

వ్యోమగాములు యంత్రముతో మాటలాడుటకు మీటల పలక యొకటి కలదు. వ్యాకరణమునందువలె క్రియ యొకటి, నామ మొకటి అంకెలతో నొక్కవలెను. ఏమి చేయవలెనో క్రియ తెలుపును. దేనికి చేయవలెనో నామము తెలుపును. ఆజ్ఞల వరుసను కూర్చినవారిలో మార్గరెట్టు హామిల్టను అను స్త్రీ ప్రముఖురాలు. లానింగు ఏర్పరచిన పద్ధతినిబట్టి ప్రతి పనికిని ఒక తరగతి యుండును. పని మితిమీరినప్పుడు యంత్రము తడబడి కూలబడక, తక్కువ తరగతి పనులను విడిచి, ఎక్కువ తరగతి పనులను మరల అందుకొని సాగించును.

1969 జూలై 20వ తేదీన ఈ పద్ధతికి పరీక్ష వచ్చెను. నీలు ఆర్‌మ్‌స్ట్రాంగు, ఆల్డ్రిను చంద్రునిపైకి దిగుచుండగా పలకపై 1202 అను హెచ్చరిక అంకె వెలిగెను. ఆ వేళ అవసరములేని ఒక రాడారునుండి వచ్చు నిరర్థకసంకేతములు యంత్రపు కాలమును దొంగిలించుచుండెను. యంత్రము తన పని తాను మోయలేకున్నదని చెప్పెను గాని చేతులెత్తలేదు. అనవసరపు పనులను విడిచి, వాహనమును నిలుపు పనిని ఒక్క క్షణమును విడువక సాగించెను. భూమిపై నున్న యువ ఇంజనీర్లు ఆ హెచ్చరిక యర్థమును ముందుగానే నేర్చుకొనియుండిరి గనుక దిగుడని అనుమతించిరి. హెచ్చరిక పలుమారు వచ్చినను వాహనము క్షేమముగ దిగెను. పొలారిసు సముద్రమునుండి ఎగసిన నాటికి సరిగా తొమ్మిదేండ్లు. తేదీ అదే, పరిశోధనాలయము అదే, విద్య అదే.

ఆ సంవత్సరము నవంబరు 14వ తేదీన అపోలో 12 బయలుదేరిన నిమిషములోపలనే రెండుమారులు పిడుగు తాకెను. నౌకలోని విద్యుత్తు దెబ్బతినెను. జైరోస్కోపు పీఠము దిక్కు తప్పెను. గణకయంత్రపు జ్ఞాపకము మాత్రము చెడలేదు. వ్యోమగాములు భూమిచుట్టు తిరుగుచు నక్షత్రములను చూచి పీఠమును సరిపరచుకొని చంద్రునికడకు సాగిపోయిరి. దృఢత్వమను మాటకు ఇంతకంటె నిదర్శనము కావలసినది లేదు. 1972 మే 25వ తేదీన ఇదే రకపు గణకయంత్రమును ఎఫ్-8 అను యుద్ధవిమానమున నమర్చి, చువ్వలకును కప్పీలకును బదులు విద్యుత్సంకేతములచేత రెక్కలను నడిపిరి. నేటి యుద్ధవిమానములును, అనేక ప్రయాణికుల విమానములును ఆ మార్గముననే నడచుచున్నవి.

చంద్రవిజయము కలిగిన ఆ 1969వ సంవత్సరమే డ్రేపరు జీవితమున మిక్కిలి చేదైన సంవత్సరము. వియత్నాము యుద్ధము సాగుచుండెను. ఆయన పరిశోధనాలయము అప్పుడు పోసైడను అను క్రొత్త క్షిపణికి మార్గనిర్దేశము సమకూర్చుచుండెను. ఆ క్షిపణి యొక్కటియే పెక్కు బాంబులను వేరువేరు చోటులకు పంపగలదు. విద్యాలయము చదువు చెప్పవలెనా, మారణాయుధములు చేయవలెనా యని విద్యార్థులు ప్రశ్నించిరి. నవంబరు నెలలో వారు పరిశోధనాలయపు వాకిళ్లను అడ్డగించిరి. పోలీసులు వచ్చి చెదరగొట్టిరి. గురి ఎంత సూక్ష్మమైన అంతగా ముందు దెబ్బ తీయుటకు ఆశ పుట్టునని వారి వాదము. తిరిగి దెబ్బ తప్పదని శత్రువునకు తెలిసినచో యుద్ధమే రాదని డ్రేపరు వాదము. నలువదియేండ్లు విద్యార్థులకు తలుపులు తెరచియుంచిన గురువు తన వాకిట విద్యార్థులే అడ్డుగా నిలుచుట చూడవలసివచ్చెను.

ఏ పక్షము సత్యమను ప్రశ్నకు కాలము పూర్తి సమాధానము చెప్పలేదు. ఆ క్షిపణులు యుద్ధమున వాడబడలేదు. అవి లేకున్నను యుద్ధము రాకయుండెడిదా యను సంగతి ఎవడును నిరూపింపజాలడు. విద్యాసంస్థ మాత్రము ఒక నిర్ణయమునకు వచ్చెను. 1970లో డ్రేపరు సంచాలకపదవినుండి తప్పింపబడెను. ఆ సంవత్సరమే పరిశోధనాలయమునకు ఆయన పేరు పెట్టబడెను. అధికారము తీసికొని పేరును శాశ్వతము చేయుట లోకమున అరుదుగా జరుగు సన్మానము. 1973లో ఆ పరిశోధనాలయము విద్యాసంస్థనుండి విడివడి స్వతంత్రసంస్థగా నిలిచెను. డ్రేపరు అలిగి పోలేదు. తన పేరు వ్రాసియున్న వాకిలి గుండనే లోనికి పోయి, చేతనైనంత కాలము పనిచేసెను.

ఆయనకు 1964లో జాతీయ విజ్ఞాన పతకము లభించియుండెను. 1987 జూలై 25వ తేదీన, 85 యేండ్ల ప్రాయమున, కేంబ్రిడ్జి పట్టణమున ఆయన కాలధర్మము నొందెను. మరుసటి సంవత్సరము అమెరికా జాతీయ ఇంజనీరింగు పరిషత్తు ఆయన పేర ఒక గొప్ప బహుమానమును నెలకొల్పెను. 1989లో అది మొదటిసారి జాకు కిల్బీ, రాబర్టు నోయిసు అను వారికి దక్కెను. వారు సమగ్రవలయమును కనుగొన్నవారు. లోకము సందేహించుచుండగా ఆ బిళ్లలను నమ్మి చంద్రునికడకు పంపిన పరిశోధనాలయపు పెద్ద పేర, ఆ బిళ్లలను కనుగొన్నవారికి మొదటి సన్మానము జరుగుట ఎంతయు సముచితము.

డ్రేపరు వృద్ధిచేసిన విద్య ఒక దేశమున ఆగిపోలేదు. మన హైదరాబాదున 1988లో నెలకొనిన ఇమారతు పరిశోధనాకేంద్రమునందును భారతీయులు క్షిపణుల జడత్వ మార్గనిర్దేశమున కృషి చేయుచున్నారు. అచ్చటి యువకులకును అవే ప్రశ్నలు ఎదురగుచుండును. వేడిలో, కుదుపులో, ఒంటరితనములో యంత్రము నిజము చెప్పునా? చెప్పిన నిజము ఏ పనికి ఉపయోగపడును? మొదటి ప్రశ్నకు డ్రేపరు తన జీవితముచేత సమాధానము చెప్పెను. రెండవ ప్రశ్నకు ఆయన చెప్పిన సమాధానము అందరును అంగీకరించినది కాదు. యంత్రము తానెక్కడ నున్నదో తెలిసికొనుట ఆయన నేర్పిన విద్య. ఎక్కడికి పోవలెనో నిర్ణయించు భారము మాత్రము నాడును నేడును మనుష్యునిదే. గ్రంథాలయమునకు వచ్చి చదువుకొను బాలబాలికలు శాస్త్రమును నేర్చునప్పుడు ఈ రెంటిని వేరుచేసి తెలిసికొందురుగాక.